ఫైటర్ చేపకు గిన్నెడు నీళ్లు చాలా?

చేపల దుకాణంలో ఫైటర్ల అర చూడగానే తెలిసిపోతుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కప్పులు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో చేప. పక్కది కంటపడితే మొప్పలు విప్పుకుని కయ్యానికి దిగుతుందని కప్పుకీ కప్పుకీ మధ్య అట్టముక్క అడ్డం పెడతారు. మనం ధర అడిగేలోపే కొట్టతను అందుకుంటాడు: "దీనికి పంపు అక్కర్లేదు సార్. గాలి పీల్చుకుంటుంది. సీసాలో వేసినా బతుకుతుంది."

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ చేప నిజంగానే గాలి పీల్చుకుంటుంది, సీసాలోనూ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. అది విని మనం వేసుకునే లెక్క తప్పుతుంది.

నేనూ ఆ లెక్కే వేశాను. నీలం రంగు హాఫ్‌మూన్ ఒకటి కొన్నాను, తోక అర్ధచంద్రంలా విప్పుకునే ఫైటర్ రకం. రెండు లీటర్లు పట్టే గుండ్రటి గాజు గిన్నె, అడుగున రంగురాళ్లు, ఓ ప్లాస్టిక్ మొక్క. ప్రతి ఆదివారం చేపను గ్లాసులోకి తీసి, గిన్నెనీ రాళ్లనీ అంట్లు తోమినట్టు తోమి, కుళాయి నీళ్లు నింపేవాణ్ణి. గిన్నె తళతళలాడేది. రెండో నెల వచ్చేసరికి తోక అంచులు నల్లబడి పేలికలు పేలికలుగా ఊడటం మొదలైంది. కొట్టతను నీలం మందిచ్చాడు. నీళ్లు సిరా రంగుకు మారాయి తప్ప తోక కుదురుకోలేదు. మూడో నెలలో చేప అడుగున ఒక పక్కకు ఒరిగి పడుకునేది. పైకొచ్చి ఒక గుటక గాలి మింగి, మళ్లీ రాయిలా కిందికి జారిపోయేది.

సరిగ్గా అప్పుడే మా మావయ్య హైదరాబాద్ వచ్చాడు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. చెప్పులు విప్పి లోపలికొస్తూనే గిన్నె ముందు వంగి చూశాడు.

"ఏరా అల్లుడూ, అమోనియా ఎంతుంది?"

"మొన్న ఆదివారమేగా నీళ్లు మార్చింది మావయ్యా. శుభ్రంగానే ఉన్నాయిగా."

"కంటికి శుభ్రంగా కనపడితే సరిపోయేట్టయితే నేను ల్యాబుకి డబ్బులెందుకు తగలేస్తానురా?"

చేప ఆ వారమే పోయింది. అది ఎందుకు పోయిందో తెలుసుకునే పనిలో నాకు అర్థమైందే ఇక్కడ చెబుతున్నాను.

ముందు గాలి సంగతి. బెట్టా అన్నా ఫైటర్ అన్నా ఒకటే. దాని తల లోపల, మొప్పలకు కాస్త పైన, లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. సన్నటి ఎముక పలకలు మడతలు మడతలుగా చుట్టుకుని, వాటి మీద రక్తనాళాల పొర పరుచుకుని ఉంటుంది. చేప పైకొచ్చి మింగిన గాలి ఈ మడతల్లో చేరుతుంది, అక్కడి నుంచి ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది. మనకిదేమీ వింత కాదు. చేపల బజారులో బేసిన్‌లో జానెడు నీళ్లలో కొర్రమీనులు గంటల తరబడి కదలాడుతూ ఉంటాయి. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో కొర్రమీను పిల్లలు చిన్న ప్లాస్టిక్ కవర్లలోనే జనం చేతులు మారుతుంటాయి. అవీ గాలి పీల్చే చేపలే, బెట్టాకు దూరపు చుట్టాలు. రవ్వ చేపో, బొచ్చె చేపో ఆ కవర్లో ఉంటే ఎంతసేపు నిలుస్తుంది?

బెట్టాకు గాలి పీల్చడం తప్పనిసరి కూడా. పెద్దయిన చేపను నీటి ఉపరితలానికి రానివ్వకపోతే, నీళ్లలో ఆక్సిజన్ ఎంతున్నా ఊపిరాడక చస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లాబిరింత్ ఆక్సిజన్ లోపలికి తీసుకునే పని మాత్రమే చేస్తుంది. ఒంట్లో తయారయ్యే అమోనియాను బయటికి పంపేది మొప్పలే, వదిలేది నీళ్లలోకే. అంటే ఈ చేప ఊపిరి పైనుంచి తెచ్చుకున్నా, తను వదిలిన విషంలోనే ఇరవై నాలుగు గంటలూ మునిగి ఉంటుంది. మామూలు చేపయితే ఆక్సిజన్ చాలక గిన్నెలో త్వరగానే తేలిపోతుంది, మనకు బుద్ధొస్తుంది. బెట్టా అలా చావదు. వారాలు, నెలలు కొంచెం కొంచెంగా చిక్కిపోతుంది. అందుకే దానికి గిన్నె చాలనే నమ్మకం ఇన్నాళ్లు నిలబడింది.

మావయ్య కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది, ఉజ్జాయింపుగానే. ఒక ఫైటర్‌కు రోజుకు 50 మిల్లీగ్రాముల మేత వేశాం అనుకోండి. అందులో 40 శాతం ప్రొటీన్ ఉంటే 20 మిల్లీగ్రాములు. ప్రొటీన్‌లో నత్రజని దాదాపు 16 శాతం, అంటే 3 మిల్లీగ్రాముల పైమాట. దాంట్లో 2 మిల్లీగ్రాముల వరకు అమోనియా రూపంలో బయటికొస్తుంది. రెండు లీటర్ల గిన్నెలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము, ఒక్క రోజులో. ఇరవై లీటర్ల తొట్టిలో లీటరుకు 0.1 మాత్రమే. చేప అదే, మేతా అంతే. దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా లేకపోతే ఆదివారం నుంచి ఆదివారానికి గిన్నెలో లీటరుకు 7 మిల్లీగ్రాములు పేరుకుంటాయి. తినగా మిగిలి రాళ్ల సందుల్లో కుళ్లే మేతను ఇందులో కలపలేదు.

దీనికి తోడు పీహెచ్ ఒకటి, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియం రూపంలో ఉన్నంతవరకు పెద్దగా హాని లేదు. విడి అమోనియాగా మారితేనే మొప్పల్ని కాలుస్తుంది. 28 డిగ్రీల వేడి దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తంలో ఒక శాతం కన్నా తక్కువే విడి అమోనియా. పీహెచ్ 8కి వెళితే అదే ఆరు శాతం దాటుతుంది. మన బోరు నీళ్లలో చాలాచోట్ల పీహెచ్ 7.5కీ 8కీ మధ్యే ఉంటుంది. కాబట్టి ఒకే కొట్లో ఒకే రోజు కొన్న రెండు చేపలు, ఒకే కొలత గిన్నెల్లో, ఒకరింట్లో ఏడాది ఉండి ఇంకొకరింట్లో నెలకే పోతే అది హస్తవాసి కాకపోవచ్చు, నీటి గుణం కావచ్చు.

సరే, రోజూ నీళ్లు మొత్తం మార్చేస్తే? నేనూ అదే అడిగాను. మావయ్య నవ్వాడు. "చెరువులో రొయ్య సీడు వదిలే ముందు నీళ్లు తయారు చేసుకుంటాం. అంతేగానీ తయారైన నీళ్లు రోజూ తోడి పారబోసుకుంటామా?"

నీళ్లు తయారవడం అంటే బ్యాక్టీరియా కుదురుకోవడం. నైట్రోసోమోనాస్ లాంటివి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, చేప ఎంత గాలి మింగినా ఒంటికి పట్టదు. నైట్రోస్పైరా జాతివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ తక్కువ మోతాదులో ఉంటే చేప తట్టుకుంటుంది, మొక్కలు తింటాయి, మిగిలింది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. కొత్త తొట్టిలో ఈ వరస మొత్తం కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరిగేది చాలా తక్కువ. స్పాంజికి, రాళ్లకి, గాజు గోడలకి జిగురుపొరలా అంటుకుని ఉంటుంది. నేను ప్రతి ఆదివారం రాళ్లు తోమి, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లతో కడిగి పారబోసింది దాన్నే. వారం పొడుగునా అంగుళం అంగుళం పేరుకున్న పొరను ఆదివారం పొద్దున పది నిమిషాల్లో తుడిచిపెట్టి, చేపను మళ్లీ మొదటి రోజుకు తెచ్చేవాణ్ణి. గిన్నె ఎంత మెరిస్తే చేపకు అంత చెరుపు. నీలం మందు సంగతీ అంతే. మెథిలీన్ బ్లూ బూజు తెగుళ్లకు పనికొచ్చే మందే, కానీ తొట్టిలో నేరుగా పోస్తే ఆ బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. వైద్యం చేయాలంటే చేపను వేరే పాత్రలో పెట్టి చేయాలి.

ఇప్పుడు కొట్టతని "పంపు అక్కర్లేదు" దగ్గరికి మళ్లీ వద్దాం. ఆక్సిజన్ కోసమైతే నిజంగానే అక్కర్లేదు. ఫిల్టరు పెట్టేది బ్యాక్టీరియాకు ఇల్లు కట్టివ్వడానికి. చిన్న గాలి పంపుకు తగిలించే స్పాంజి ఫిల్టరు చాలు, అన్నిటికన్నా చవక కూడా. గాలి పైపుకు ఉండే బుల్లి వాల్వు తిప్పి బుడగల జోరు తగ్గించండి. హాఫ్‌మూన్, వీల్‌టైల్ రకాల రెక్కలు వాటి ఒంటికి మించిన బరువు, నీళ్లు జోరుగా తిరిగితే ఈదలేక అలిసిపోతాయి. స్పాంజి నల్లబడితే తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయాలి. కుళాయి కింద పెట్టకూడదు.

తొట్టి ఎంతుండాలి? ఇరవై లీటర్లకు తగ్గొద్దనే అంటాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున గాజు తొట్టి కట్టిస్తే 28 లీటర్లు పడుతుంది, కంప్యూటర్ బల్ల మీద ఓ మూల సర్దుకుంటుంది. పది లీటర్లలో పెంచేవాళ్లూ ఉన్నారు, బాగానే పెంచుతున్నారు. కానీ వాళ్లు నీళ్లు పరీక్షించడం అలవాటైనవాళ్లు. కొత్తవాళ్లకు చిన్న తొట్టి తేలికని చెప్పడమే అన్యాయం. నీళ్లు తక్కువైనకొద్దీ మన పొరపాటుకు గడువు తగ్గిపోతుంది. ఎత్తు పొడవును మించకుండా చూసుకోండి, గాలి కోసం రోజంతా పైకీ కిందికీ తిరిగే చేప మరి. మూత తప్పదు, ఫైటర్ బాగా ఎగురుతుంది. నీటికీ మూతకీ మధ్య రెండంగుళాలు ఖాళీ వదలండి, దాని ఊపిరి అక్కడే ఉంది.

"అడవిలో ఇది గేదె గిట్ట గుంటలో కూడా బతుకుతుందండీ" అని వాదించేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఈ చేప సొంతూరు థాయ్‌లాండ్, ముఖ్యంగా చావో ఫ్రాయా నది పరివాహక ప్రాంతం. అక్కడ దీన్ని ప్లాకట్ అంటారు, కరిచే చేప అని అర్థం. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అది ఉండేది వరిచేలల్లో, కలుపు మొక్కలు దట్టంగా పెరిగిన లోతు తక్కువ నీళ్లలో. లోతు తక్కువే, కానీ మడి విస్తీర్ణం చూడండి. మోకాలి లోతు నీళ్లు ఎకరాల కొద్దీ పరుచుకుని ఉంటే అది గిన్నె ఎలా అవుతుంది? అడుగున బురద, చుట్టూ మొక్కలు, వాటి నిండా బ్యాక్టీరియా. ఎండాకాలం మడులు ఎండి గుంటలు మిగిలినప్పుడు లాబిరింత్ ప్రాణం కాపాడుతుంది. కరువుకాలంలో గంజి తాగి బతికాడని మనిషికి ఏడాదంతా గంజే పోస్తామా?

పైగా మడిలోని చేప, మన తొట్టిలోని చేప ఒకటి కావు. అడవి బెట్టా గోధుమ, పచ్చ కలిసిన మసక రంగులో, పొట్టి రెక్కలతో ఉంటుంది. పందేల కోసం కొన్నిటిని, రంగుల కోసం కొన్నిటిని వందల ఏళ్లుగా ఏరి ఏరి పెంచగా వచ్చినవే ఇవాళ్టి రకాలు. థాయ్ జెండా రంగులు ఒంటి మీద వరసగా తేలిన ఒక మగచేప 2016లో ఆన్‌లైన్ వేలంలో 53,500 బాత్‌లకు పోయింది. మన దుకాణాల్లోకి మాత్రం చెన్నై కొళత్తూరు వైపు నుంచి వచ్చేవే ఎక్కువగా కనబడతాయి.

నమ్మకూడని గుర్తు ఇంకొకటుంది, నురగగూడు. మగ ఫైటర్ నోటితో బుడగలు ఊది నీటి మీద గూడు కడుతుంది. ఆడచేప పెట్టిన గుడ్లను అందులో చేర్చి కాపలా కాసేది తండ్రే. ముచ్చటైన సంగతే. కానీ గూడు కట్టింది కాబట్టి నీళ్లు బాగున్నాయి, చేప సంతోషంగా ఉంది అనుకోవడం పొరపాటు. ఈడుకొచ్చిన మగచేప నీళ్లు బాగోలేకపోయినా గూడు కడుతుంది. నా మొదటి చేప పోవడానికి పది రోజుల ముందు కూడా కట్టింది, నేను ఫొటో తీసి అందరికీ పంపాను.

కుళాయి నీళ్లలో క్లోరిన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మన మున్సిపాలిటీల్లో, పంచాయతీ ట్యాంకుల్లో కలిపేది ఎక్కువగా క్లోరిన్ వాయువో బ్లీచింగ్ పౌడరో. వెడల్పాటి బకెట్‌లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే ఎగిరిపోతుంది. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి, అందులో ఉండేది మామూలుగా సోడియం థయోసల్ఫేట్. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం బకెట్ చిట్కాను నమ్ముకోవద్దు. అక్కడ చాలా నగరాల్లో క్లోరమైన్ కలుపుతారు, అది నిలవబెట్టినంత మాత్రాన పోదు. ఆర్వో నీళ్లు మంచివి కదా అని అవే పోసేవాళ్లున్నారు. లవణాలన్నీ తీసేసిన ఆ నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు, ఒక్కసారిగా పడిపోవచ్చు. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే సగం సగం కలపండి.

వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. విజయవాడలో, మచిలీపట్నంలో ఏడాదిలో చాలా భాగం హీటర్ ఊసే ఉండదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు అలా కాదు. గదిలో గిన్నె నీళ్లు 20 డిగ్రీలకు దిగుతాయి. చేప మేత ముట్టదు, ఓ మూల నక్కి ఉంటుంది. మనం జబ్బనుకుని మందులు మొదలుపెడతాం. ఇరవై లీటర్లకు 25 వాట్లదో 50 వాట్లదో చిన్న హీటర్ సరిపోతుంది. రాత్రంతా ఏసీ వేసుకునే గదిలో అయితే ఏ ఊళ్లోనైనా దీని అవసరం పడుతుంది.

మొక్కల్లో అన్నిటికన్నా తేలికైనది మీ బాల్కనీలోనే ఉండుంటుంది. మనీప్లాంట్ కొమ్మ ఒకటి కడిగి, ఆకులు బయటా వేళ్లు నీళ్లలో ఉండేలా తొట్టి అంచుకు తగిలించండి. నైట్రేట్ లాగేస్తుంది. కూజాలో మొక్క పెట్టి, దాని వేళ్లు తిని ఫైటర్ బతికేస్తుందని అమ్మే పద్ధతి ఒకటి వచ్చింది. శుద్ధ అబద్ధం. ఇది మాంసాహారి, మడుల్లో దోమ పిల్లల్నీ పురుగుల్నీ తినే జీవి.

థాయ్ పెంపకందార్లు తొట్టిలో వేసే ఎండుటాకు ఒకటుంది. ఆన్‌లైన్‌లో పది ఆకులు ప్యాకెట్ కట్టి అమ్ముతుంటే చూసి నాకు నవ్వాగలేదు. అది మన బాదం ఆకు. సర్కారు బడి ఆవరణలో ఉండే బాదం చెట్టు, పిల్లలు రాళ్లతో కాయలు కొట్టుకుతినే చెట్టు, ఆ ఆకే. ఎర్రబడి దానంతటది రాలిన ఆకును ఎండబెట్టి, కడిగి వేస్తే రెండు మూడు రోజుల్లో నీళ్లు పల్చటి టీ రంగుకు తిరుగుతాయి. అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు పీహెచ్‌ను కొద్దిగా దించుతాయి, కొన్ని సూక్ష్మజీవుల్ని అదుపులో పెడతాయి. ఇరవై లీటర్లకు ఒక ఆకు చాలు. పురుగుమందులు కొట్టే తోటలోంచి, రోడ్డు పక్కనుంచి ఏరకండి. ఆకు వేశాం కదా అని నీళ్లు మార్చడం మానొద్దు, అది అమోనియాను ఏమీ చేయలేదు.

ఇప్పుడు నా దగ్గరున్నది రెండో ఫైటర్, పొట్టి రెక్కల ప్లాకట్ రకం. అడుగు తొట్టి, స్పాంజి ఫిల్టరు, మనీప్లాంట్, మా ఊరి బడి నుంచి తెచ్చిన బాదం ఆకులు. చేప కన్నా నెలకు పైగా ముందే తొట్టి మొదలుపెట్టాను. ఖాళీ నీళ్లలో రోజూ చిటికెడు మేత వేస్తుంటే ఇంట్లోవాళ్లు నన్ను వింతగా చూశారు. ఆ మేత కుళ్లి అమోనియా పుడుతుంది, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్‌లో గొట్టం మొదటి రెండు వారాలు ముదురు పచ్చగా ఉండేది. అయిదో వారంలో పసుపుకు తిరిగింది, అంటే సున్నా. నైట్రైట్ కూడా సున్నాకు దిగాకే చేపను తెచ్చాను. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, నిలవబెట్టిన నీళ్లు అదే వేడిలో నెమ్మదిగా పోస్తాను. మొత్తం పని పావుగంట.

చేపను తెచ్చిన కొన్నాళ్లకు మళ్లీ పరీక్షించి, పసుపు రంగు గొట్టాన్ని వీడియో కాల్‌లో మావయ్యకు చూపించాను. ఆయన గొట్టాన్ని పట్టించుకోలేదు. ఫోను తొట్టి దగ్గరగా పెట్టమన్నాడు, చేప చుట్టూ ఒకసారి తిప్పమన్నాడు.

"నీళ్లు సరేలే. ఆ పొట్టేంటిరా అలా ఉబ్బింది? ఎన్ని గింజలేస్తున్నావు?"

"ఎనిమిది, మావయ్యా. అడుగుతుంటే..."

"అది ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. రేపు పస్తు పెట్టు. ఎల్లుండి నుంచి పూటకి రెండు."